ఇష్టాగోష్ఠి: నూరు పాయింట్లును రెండు పాయింట్లును



గత మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గావున మేమును ప్రకటింపము. ఆమె కుమార్తెకు పదుమూడేండ్లు. బడిలో బాస్కెట్‌బాల్ ఆటకు చేరినది. ఇటీవల పొరుగూరి బడి బాలికలతో పందెము జరిగినపుడు వ్యాయామోపాధ్యాయురాలు ఒక్కొక్క పిల్ల యెట్లాడినదో లెక్క గట్టి, ఆ పట్టికకు నకళ్లు తీసి అందరికిని ఇచ్చినదట. ఆ బాలిక దానిని మురిపెముతో ఇంటికి దెచ్చి మేనమామ చేతి కిచ్చెను. ఆయన పాయింట్ల గడిని మాత్రము చూచి, "రెండేనా తల్లీ! దీనికేనా ప్రొద్దుగూకువరకు ఎండలో పరుగులెత్తుట?" అని నవ్వెను. ఆయనతోపాటు ఇంటిల్లిపాదియు నవ్విరి. నాటినుండి ఆ పిల్ల బంతి ముట్టుట లేదు.

"ఆ కాగితములో ఇంకను గడులున్నవి. 'రీ' అను గడిలో 9, 'అ' అను గడిలో 7 వేసియున్నవి. మావాళ్ల జట్టు మొత్తము 34 పాయింట్లతో గెలిచినది. ఈ గడుల సంగతి మాలో నెవ్వరికిని తెలియదు. పిల్లను మాన్పింపవలెనా, మరల పంపవలెనా, మీరే చెప్పుడు" అని ఆ తల్లి వ్రాసినది.

సోదరీ! మీ ప్రశ్నకు సమాధానము ఆ గడులలోనే యున్నది. అయినను దానిని సూటిగా చెప్పుటకు ముందు, ఇట్టి పట్టికను చదువుట ఎట్లో మన సోదరీమణులందరికిని తెలియజేయుట మంచిదని తలచితిమి. జమాఖర్చుల పుస్తకము వ్రాయుట యెరిగిన యిల్లాలికి ఈ విద్య అరగంటలో పట్టుపడును.

మొదట ఆట సంగతి. ఇది పుట్టి నూరేండ్లు దాటినది. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడలకు వ్రేలాడగట్టి వానిలో బంతి వేయించుటచేత దీనికి బుట్టబంతి యను అర్థమిచ్చు పేరు కలిగినది. ఇది మగవారికే కల్పించిన ఆటయని కొందరందురు. కాని ఆట పుట్టిన మరుసటి యేడే, 1892లో, ఆ రాష్ట్రమందే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయురాలు దీనిని తన విద్యార్థినులకు నేర్పెను. 1893 మార్చిలో ఆ కళాశాల బాలికలు రెండు జట్లుగా ఏర్పడి పందెమాడిరి. కాబట్టి బాలికలు ఈ ఆటలోనికి నడుమ వచ్చినవారు కారు. ఇంచుమించు మొదటినుండియు ఉన్నవారే.

ఇక పట్టిక. దీనిని బోధించుటకు ఆ దేశమందే జరిగిన యొక ప్రసిద్ధమైన ఆటను తీసికొందము. 1962వ సంవత్సరము మార్చి 2వ తేది రాత్రి పెన్సిల్వేనియా రాష్ట్రమందలి హెర్షీ పట్టణమున ఫిలడెల్ఫియా వారియర్స్, న్యూయార్క్ నిక్స్ అను రెండు జట్లు ఆడెను. హెర్షీ చాక్లెట్ల కార్ఖానాకు పేరుపడిన చిన్న పట్టణము. నాడు చూడవచ్చినవారు 4,124 మంది. ఆ ఆటను చిత్రించిన ఫిలిము లేదు. నాలుగవ పాదమునకు సంబంధించిన రేడియో ధ్వని మాత్రము మిగిలియున్నది. అయినను ఆ రాత్రి యెవరెవరు ఏమి చేసిరో నేటికిని మనము చెప్పగలము. ఏలయన, ఒక చిన్న పట్టిక మిగిలినది.

ఆ పట్టికలో ప్రపంచమంతయు ఎరిగిన అంకె యొకటే. వారియర్స్ జట్టువాడైన విల్ట్ చాంబర్లెయిన్ ఒక్కడే 100 పాయింట్లు చేసెను. హార్వే పొల్లాక్ అను లెక్కలవాడు ఒక కాగితముపై 100 అని వ్రాసి యీయగా, ఆటగాడు దానిని పట్టుకొని తీయించుకొన్న ఛాయాపటము లోకమంతట వ్యాపించినది. జట్టుల లెక్క చూచినచో వారియర్స్ 169, నిక్స్ 147. తేడా 22.

ఈ నూరు ఎట్లు వచ్చినదో చూడుడు. ఆట నడుచుచుండగా బుట్టలో పడిన ఒక్కొక్క బంతికి 2 పాయింట్లు. దూరమునుండి వేసినదానికి 3 ఇచ్చు పద్ధతి ఆ వ్యవస్థలో 1979లో వచ్చినది, నాటికి లేదు. ఎదుటివాడు నియమము తప్పి అడ్డినచో దానిని ఫౌలందురు. కొన్ని ఫౌళ్లకు, నష్టపడినవాడు 15 అడుగుల దూరమున గీతవద్ద నిలిచి, ఎవరి అడ్డును లేక బంతి వేయవచ్చును. అది ఫ్రీ త్రో. దానికి 1 పాయింటు. చాంబర్లెయిన్ ఆటలో 63 మారులు వేయగా 36 పడినవి. వానికి 72. ఫ్రీ త్రోలు 32 వేయగా 28 పడినవి. వానికి 28. మొత్తము 100. ఆట నాలుగు పాదములు, పాదమునకు 12 నిమిషములు. అతడు వరుసగా 23, 18, 28, 31 చేసెను. కూడి చూచుకొనుడు, సరిపోవును.

ఇప్పుడు జట్టుల పద్దు చూతము. వారియర్స్ అందరును గలిసి 115 మారులు వేసి 63 బుట్టలు, 52 ఫ్రీ త్రోలలో 43. నిక్స్ వారు 118 మారులు వేసి 57 బుట్టలు, 41 ఫ్రీ త్రోలలో 33. అనగా నిక్స్ వారే మూడు మారులు అధికముగా వేసిరి. ఐనను ఆరు బుట్టలు తక్కువ. ఆ ఆరింటికి 12 పాయింట్లు. ఫ్రీ త్రోలలో పది తక్కువ. ఆ పదింటికి 10. పండ్రెండును పదియు ఇరువది రెండు. గెలుపు ఓటముల తేడా యంతయు అణాపైసలతో తేలినది గదా! నెలాఖరున పద్దు సరిపోయినపుడు మనకు గలుగు తృప్తి యెట్టిదో ఈ పట్టిక చదువువారికిని అట్టిదే కలుగును.

అయితే సోదరీమణులారా, మేము మీచే చదివింపదలచినది చాంబర్లెయిన్ వరుస కాదు. దానిక్రింద మరియొక వరుస యున్నది. గై రాడ్జర్స్ అనువాడు నాలుగు మారులు వేసి ఒక్క బుట్ట మాత్రమే వేసెను. ఫ్రీ త్రోలు 12లో 9. మొత్తము 11 పాయింట్లు. నూటి ప్రక్కన పదునొకండు ఏపాటి? మన మేనమామగారు చూచినచో నవ్వియే యుందురు. కాని అదే వరుసలో అసిస్టులను గడి చూడుడు. అందు 20 అని యున్నది. అసిస్టు అనగా, తన చేతిలోని బంతిని సమయమెరిగి తోడి ఆటగాని కందించి, అతనిచేత బుట్ట వేయించుట. ఇరువది అసిస్టులనగా ఇరువది బుట్టలు, నలువది పాయింట్లు. తన పదునొకండును గలిపినచో 51. ఆ రాత్రి వారియర్స్ వారి 169లో 51 పాయింట్లు ఈయన చేతిమీదుగా నడచినవే. నూరు చేసినవాని పేరు నేటికిని చిన్నపిల్లలును చెప్పుదురు. ఇరువది అందించినవాని పేరు పట్టిక చదివినవారే చెప్పుదురు.

మరియొక వరుస అల్ ఆటిల్స్ అనువానిది. ఎనిమిది మారులు వేసెను, ఎనిమిదియు పడెను. ఒక ఫ్రీ త్రో వేసెను, అదియు పడెను. పాయింట్లు 17. ఒక్కటియు వ్యర్థము కాలేదు. ఏ రాత్రియైనను గొప్పగా చెప్పుకొనదగిన పని ఇది. వేరొకని నూటి నీడలో మరుగుపడినది.

జో రక్లిక్ అనువాని పాయింట్ల గడిలో సున్న యున్నది. ఒక బుట్టకు గురిచూచెను, తప్పెను. రెండు ఫ్రీ త్రోలు వేసెను, రెండును తప్పెను. కాని ఆట ముగియుటకు ఇంక 46 సెకండ్లున్నదనగా చాంబర్లెయిన్ నూరవ పాయింటుకై బుట్ట వేసినపుడు ఆ బంతి నందించినది ఈ సున్నవాడే. సున్న అను అంకెను చూచి మనుష్యుని సున్నగా తలపరాదని యిందువలన తెలియును.

రీబౌండ్ల గడి ఇంకొకటి. గురి తప్పి చట్రమునకు తగిలి తిరిగివచ్చిన బంతిని ఎగిరి పట్టుట రీబౌండు. పోవలసిన సొమ్మును పోనీయక పట్టి నిలుపుట వంటిది. చాంబర్లెయిన్ ఆ రాత్రి 25 పట్టెను. పాయింట్ల మాట వచ్చినపుడు అతని యీ 25 కూడ ఎవరికిని జ్ఞాపకము రాదు.

ఓడిన జట్టు వరుసలను కూడ చదువుడు. రిచీ గెరిన్ 39, క్లీవ్‌లండ్ బక్నర్ 33, విల్లీ నాల్స్ 31. ముగ్గురును ముప్పదికి మించి చేసిరి, ముగ్గురును ఓడిరి. ఓడినయింట పని జరుగలేదని యెవరు చెప్పగలరు?

ఇంతవరకు పట్టిక చెప్పు సంగతులు. పట్టిక చెప్పని సంగతులును కలవు. ఎదుటివాని చేతినుండి బంతిని లాగికొనుట, వాడు వేయు బంతిని గాలిలోనే అడ్డుకొనుట, ఈ రెండును ఆటలో మిక్కిలి విలువగల పనులు. కాని ఆ వ్యవస్థవారు వానిని లెక్కింప నారంభించినది 1973లో మొదలైన ఆటలకాలమునుండి మాత్రమే. అంతకుముందు ఎవరు ఎన్ని బంతులు అడ్డుకొనిరో ఆ లెక్కలలో లేదు. చాంబర్లెయిన్ అదే 1973లో ఆట చాలించెను గావున, ఆ పనిలో పేరెన్నికగన్న అతని జీవితకాలపు లెక్కలో ఆ గడియే లేదు. గడి గీయనంత మాత్రమున పని జరుగకపోలేదు. గీయనందున లోకమునకు తెలియకపోయినది.

ఈ మాట వ్రాయుచుండగా మాకు మన యిండ్లే జ్ఞాపకమునకు వచ్చినవి. పెండ్లిలో నేతిగిన్నె పట్టుకొని వడ్డించినవారిని బంధువులందరును మెచ్చుకొందురు. తెల్లవారుజామున లేచి బియ్యము చెరిగి, రాళ్లేరి, ఎసరు పెట్టినవారి పేరు ఏ ఆకుముందరను వినబడదు. రోగికి రాత్రియెల్ల మేల్కొని మందిచ్చినదానికి గడి లేదు. మరిది చదువునకై తన చీరల ఖర్చు తగ్గించుకొన్న వదినెకు గడి లేదు. ఇంటికి డబ్బు తెచ్చినవారి గడి మాత్రము పెద్దదిగా గీసియుందుము. పాయింట్లు చేయుట గొప్పకాదని మా యభిప్రాయము కాదు. అవి లేక గెలుపే లేదు. కాని ఒక్క గడియే పట్టిక యంతయు ననుకొనుట లెక్క తెలియనివారి మాట.

అంకెల వెంటబడుటవలన ఆట చెడుటయు కలదు. అదే హెర్షీ పట్టణమున చివరి నిమిషములలో చాంబర్లెయిన్‌కు బంతి దొరకకుండ చేయుటకై నిక్స్ వారు తక్కిన ఆటగాండ్రపై కావలెనని ఫౌళ్లు చేసిరి. బంతి మరల తమకు వచ్చుటకై వారియర్స్ వారును ఎదుటివారిపై ఫౌళ్లు చేసిరి. గెలుపు అప్పటికే తేలిపోయినది. మిగిలినది నూటికొరకైన పెనగులాట. కాబట్టి అంకెను గౌరవింపవలెను గాని, దానికి దాసులము కారాదు.

ఇంకొక ముచ్చట. మేనమామగారి నవ్వును గూర్చి వ్రాసిన సోదరి దీనిని ముఖ్యముగా చదువవలెను. చాంబర్లెయిన్ ఫ్రీ త్రోలలో చాల బలహీనుడు. జీవితకాలమంతయు లెక్కించినచో నూటికి 51 మాత్రమే పడినవి. అట్టివాడు ఆ రాత్రి 32లో 28 ఎట్లు వేసెను? ఆ సంవత్సరము అతడు తలపైనుండి విసరుట మాని, రెండు చేతులతో మోకాళ్లవద్దనుండి పైకి మెల్లగా ఎగురవేయుచుండెను. ఆ సంవత్సరపు లెక్క నూటికి 61. అతని కది యన్నిటికంటె మంచి సంవత్సరము. కాని ఆ విధమును ఆ దేశమువారు అమ్మమ్మలు వేయు తీరని యెగతాళి చేయుదురు. అతడు పిమ్మట ఆ పద్ధతిని విడిచెను. 1967-68 ఆటలలో అతని లెక్క నూటికి 38కి దిగెను. ఆ పద్ధతి ఆడంగితనముగా తోచి సిగ్గుపడితిననియు, విడుచుట తన తప్పేననియు అతడే తరువాత స్వీయచరిత్రలో ఒప్పుకొనెను.

ఏడడుగుల పైబడిన మనుష్యుడు, ఒక్క రాత్రి నూరు పాయింట్లు చేసినవాడు, నలుగురు నవ్వుదురను వెరపున తనకు పనికివచ్చిన విద్యను వదలుకొనెను! అట్లయినచో, పదుమూడేండ్ల పసిపిల్ల స్వజనము నవ్విన నవ్వునకు బంతి విడిచెననుటలో వింత యేమున్నది? ఆ నవ్వులో పగ లేదని మేమెరుగుదుము. మేనమామలకు మేనకోడండ్రతో సరసము సహజము. కాని పిల్ల తెచ్చిన కాగితమును పూర్తిగా చదివి పిమ్మట నవ్వుట పెద్దలకు తగిన పని.

ఇట్టి పట్టికలలో నేడు స్త్రీల పేర్లకును కొదువలేదు. అమెరికాలో స్త్రీల వృత్తి బాస్కెట్‌బాల్ వ్యవస్థయగు డబ్ల్యు.ఎన్.బి.ఎ. తొలి ఆటను 1997 జూన్ 21న నడపెను. న్యూయార్క్ లిబర్టీ 67, లాస్ ఏంజెలిస్ స్పార్క్స్ 57. 2023 ఆగస్టు 22న అట్లాంటా నగరమున లాస్ వేగస్ జట్టునకు చెందిన ఏజా విల్సన్ 53 పాయింట్లు చేసెను. ఆటలో 23 మారులు వేయగా 16 పడినవి. వానిలో ఒకటి దూరమునుండి వేసిన మూడు పాయింట్ల బుట్ట. ఫ్రీ త్రోలు 21లో 20. పైన చెప్పిన రీతిగా మీరే కూడి చూచుకొనుడు. పదునేనింటికి ముప్పది, ఒకదానికి మూడు, ఫ్రీ త్రోలకు ఇరువది, మొత్తము ఏబది మూడు. ఆమె జట్టు 112కు 100గా గెలిచెను. సరిపోయినచో మీకు పట్టిక చదువుట వచ్చినట్లే.

ఇక మా సోదరికి సమాధానము.

అమ్మా! మీ పిల్ల కాగితములో 'రీ' యనగా రీబౌండ్లు. తప్పిపోయిన బంతులను తొమ్మిది మారులు ఎగిరి పట్టినది. 'అ' యనగా అసిస్టులు. ఏడు మారులు బంతి నందించి తోడి బాలికలచేత బుట్టలు వేయించినది. ఏడు బుట్టలకు, తక్కువలో తక్కువ, 14 పాయింట్లు. తాను వేసిన 2తో గలిసి 16. జట్టు మొత్తము 34 గదా! అందు ఇంచుమించు సగము మీ పిల్ల చేతిమీదుగా నడచినదే. ఆమె రెండు పాయింట్ల పిల్ల కాదు. మీ యింట నవ్వినవారు లెక్క పూర్తిగా చూడక నవ్విరి. అంతే.

మా సలహా యిది. రాత్రి భోజనములైన పిమ్మట ఆ కాగితమును మేనమామగారి యెదుట పరచి, పై లెక్కను పిల్లచేతనే చెప్పింపుడు. ఏ గడి యేమో, ఏ బంతి నెవరి కెట్లు అందించెనో ఆమె చెప్పుచుండగా ఆయన వినవలెను. నవ్విన నోటితోనే ఆయన "శెభాష్" అనవలెను. ఆ మాట మీరు మేము చెప్పుటకంటె ఆయన చెప్పుటలోనే బలమున్నది. మరునాడు పిల్లను ఆటకు పంపుడు. ఎండవేళ దాటి పంపుడు. మంచినీళ్లు వెంట నిచ్చి పంపుడు.

ఒక్క మాట మాత్రము మరువకుడు. రేపొక పందెములో ఆ రెండు గడులలో కూడ సున్నలు పడవచ్చును. అప్పుడును నవ్వకుడు. ఆ దినము ఆమె చేసిన మంచిపనికి ఆ కాగితములో గడి గీసియుండకపోవచ్చును. "ఈ దినము ఏమి చేసితివమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసినచో, ఆ గడిని ఆమెయే గీసి చూపును.

ఆ బాలిక మరల బంతి పట్టినదను వార్త వచ్చిన మాసమున దానిని ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింతుము. తక్కిన సోదరీమణులును తమ యిండ్లలో ఏ గడియు లేని పనులు ఏవి జరుగుచున్నవో, ఎవరు చేయుచున్నారో ఒకమారు చూచి మాకు వ్రాయుదురుగాక.